కువైట్ దినారు, ఊరి రూపాయి

కువైట్ నగరంలో పాత ప్రాకారానికి లోపలివైపున పెరిగిన పేటల్లో మిర్కాబ్ ఒకటి. 1920లో ఊరి రక్షణ కోసం మట్టితో కట్టిన ఆ గోడను 1957లో పడగొట్టారు. గోడ సాగిన దారిలోనే ఇప్పుడు సూర్ వీధి ఉంది, పాత ద్వారాలు కొన్ని ఆనవాళ్ళుగా మిగిలాయి. మంత్రిత్వశాఖల భవన సముదాయం, బస్సులు ఆగే కూడళ్ళు, చవక భోజనశాలలు, మొబైల్ దుకాణాలు, వాటి మధ్య డబ్బు మార్చి పంపే ఎక్స్ఛేంజి కార్యాలయాలు ఉన్న ఈ ప్రాంతానికీ, దగ్గరలోనే ఉన్న మాలియాకూ శుక్రవారం నాడు తెలుగు మాట వినిపించే చోటుగా పేరుంది. రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవారూ, కోనసీమ, నరసాపురం, పాలకొల్లు పరిసరాల నుంచి వచ్చినవారూ వారానికి ఒక్కనాటి సెలవులో ఇక్కడ కలుసుకొని, ఊరి కబుర్లు చెప్పుకొని, ఇంటికి డబ్బు పంపి తిరిగి తమ పనిచోట్లకు వెళ్తారు. ఆ డబ్బు ఊరికి చేరాక ఇంటిలోనూ, ఊరిలోనూ, చివరకు దేశపు లెక్కల్లోనూ ఏ మార్పు తెస్తుందన్నది అర్థశాస్త్రం అర్ధశతాబ్దంగా చర్చిస్తున్న విషయం. ఆ చర్చలో ఎక్కువగా మరుగునపడేది, ఆ డబ్బు పెట్టుబడీ కాదు, సహాయమూ కాదు, ఒక మనిషి జీతం అన్న సంగతి.

పరదేశంలో సంపాదించినవారు స్వదేశంలోని తమవారికి పంపే సొమ్మును రెమిటెన్సులు అంటారు. ప్రపంచ బ్యాంకు అంచనాల ప్రకారం 2023లో అల్ప, మధ్య ఆదాయ దేశాలకు ఇలా చేరిన మొత్తం సుమారు 65,600 కోట్ల డాలర్లు. ఆ దేశాలకు వచ్చిన విదేశీ ప్రత్యక్ష పెట్టుబడులకంటే, అంటే పరదేశపు కంపెనీలు ఫ్యాక్టరీలు, వ్యాపారాలు పెట్టడానికి తెచ్చే ధనంకంటే, ఇది ఎక్కువ. సంపన్న దేశాలు ఇచ్చే అభివృద్ధి సహాయంకంటే మరెంతో ఎక్కువ. ఏడాదికి 10,000 కోట్ల డాలర్లకు పైగా రెమిటెన్సులు అందుకున్న మొదటి దేశం భారతదేశం. 2022లో ఆ మొత్తం సుమారు 11,100 కోట్ల డాలర్లకు చేరింది. అయినా భారతదేశం వంటి పెద్ద ఆర్థిక వ్యవస్థలో ఇది స్థూల దేశీయోత్పత్తికి, అంటే ఏడాదిలో దేశం ఉత్పత్తి చేసే సరకులూ సేవల మొత్తం విలువకు, మూడు శాతాన్ని కొద్దిగా దాటిన వాటా మాత్రమే. అదే నేపాల్‌లో దాదాపు నాలుగో వంతు, మధ్య ఆసియాలోని తజికిస్తాన్‌లో ఇటీవలి సంవత్సరాల్లో దాదాపు సగం. దేశ సగటు చిన్నదైనంత మాత్రాన ప్రభావం చిన్నదనుకోవడం పొరపాటు, ఎందుకంటే ఈ సొమ్ము దేశమంతటా సమంగా పడే వాన కాదు. కొన్ని జిల్లాల్లో, ఆ జిల్లాల్లోనూ కొన్ని మండలాల్లో మాత్రమే కురుస్తుంది.

రిజర్వ్ బ్యాంకు 2023-24 సంవత్సరానికి జరిపిన సర్వేలో దేశానికి వచ్చిన రెమిటెన్సుల్లో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం అని తేలింది. 2016-17 నాటి సర్వేలో మొత్తంలో సగానికి పైగా గల్ఫ్ దేశాల నుంచే రాగా, 2023-24 నాటికి ఆ భాగం 38 శాతానికి తగ్గింది. అమెరికా, బ్రిటన్, సింగపూర్ వంటి దేశాల్లో చదువుకున్న ఉద్యోగుల సంపాదన పెరగడం దీనికి ప్రధాన కారణం. మొదటి స్థానం అమెరికాది, కువైట్ వాటా 4 శాతంలోపే. ఈ అంకెలు చూసి కువైట్ ప్రాధాన్యం ముగిసిందని తీర్మానించేవారు ఒక సంగతి గమనించాలి: సాఫ్ట్‌వేర్ ఉద్యోగి పంపే సొమ్ము చాలాసార్లు అప్పటికే నిలదొక్కుకున్న కుటుంబానికి అదనపు పొదుపుగా చేరుతుంది, కువైట్‌లో ఇంటి పని చేసే మనిషి పంపేది మాత్రం ఆ నెల కిరాణా ఖాతాకూ, పిల్లల ఫీజుకూ, తాకట్టులో ఉన్న బంగారం విడిపించడానికీ నేరుగా వెళ్తుంది. డాలర్ల లెక్కలో రెండూ ఒకే వరసలో నిలబడినా, వాటి అవసరం ఒకటి కాదు.

డబ్బు ప్రయాణించే తీరు చాలామంది ఊహించుకునే విధంగా ఉండదు. ఎక్స్ఛేంజి కార్యాలయంలో కార్మికుడు తన బతాకాను, అంటే కువైట్ ప్రభుత్వం ఇచ్చే సివిల్ ఐడీ కార్డును, చూపించి, ఊరి బ్యాంకు ఖాతా నంబరూ, శాఖ కోడూ సరిచూసుకొని, దినార్లు కట్టి రసీదు తీసుకుంటాడు. ఆ దినార్లు కువైట్‌లోనే ఉండిపోతాయి. ఎక్స్ఛేంజి సంస్థకు భారతదేశంలోని ఏదో ఒక బ్యాంకులో ముందుగానే రూపాయల ఖాతా ఉంటుంది. బ్యాంకుల భాషలో దాన్ని వోస్ట్రో ఖాతా అంటారు. రసీదు వివరాలు అందగానే ఆ బ్యాంకు ఈ ఖాతాలోంచి రూపాయలు తీసి రాజంపేటలోనో రాజోలులోనో ఉన్న కుటుంబ ఖాతాలో జమ చేస్తుంది. ఖాతా ఖాళీ కాకుండా ఎక్స్ఛేంజి సంస్థ టోకున విదేశీ మారకం పంపి నింపుతూ ఉంటుంది. దేశానికి నిజంగా డాలర్లు చేరేది అప్పుడే. గల్ఫ్ దేశాల ఎక్స్ఛేంజి సంస్థలకూ భారతీయ బ్యాంకులకూ మధ్య ఉన్న ఈ ఏర్పాటును రిజర్వ్ బ్యాంకు రూపీ డ్రాయింగ్ అరేంజ్‌మెంట్ పేరుతో అనుమతిస్తుంది. కుటుంబ పోషణకు పంపే సొమ్ముకు ఇందులో గరిష్ఠ పరిమితి లేదు. ఖాతా లేకుండా చేతికి నగదు అందించే వెస్టర్న్ యూనియన్ వంటి సంస్థలు మనీ ట్రాన్స్‌ఫర్ సర్వీస్ స్కీమ్ అనే వేరే పద్ధతి కింద పనిచేస్తాయి. అందులో ఒక్కసారికి 2,500 డాలర్లు, ఒక వ్యక్తికి ఏడాదికి 30 సార్లు అనే హద్దు ఉంది.

ఈ ప్రయాణానికి ఖర్చు రెండు రూపాల్లో ఉంటుంది. రసీదు మీద కనిపించేది రుసుము. కనిపించనిది మారకపు రేటులో మిగుల్చుకునే తేడా. బ్యాంకులు తమలో తాము దినారుకు 270 రూపాయల చొప్పున మార్చుకుంటున్న రోజున కార్మికుడికి 269 చొప్పున ఇస్తే, 100 దినార్లు పంపిన మనిషి రుసుముతో పాటు మరో 100 రూపాయలు తెలియకుండానే చెల్లించినట్టు. పైగా రుసుము సాధారణంగా మొత్తాన్ని బట్టి కాక ఒక్కో పంపకానికి ఇంత అని ఉంటుంది. అది ఒక దినారు అనుకుంటే, 600 దినార్లు పంపే ఇంజనీరుకు వెయ్యిలో రెండు వంతులకంటే తక్కువ. 60 దినార్ల జీతం మొత్తాన్నీ పంపే ఇంటి పనిమనిషికి వందలో 1.67. తక్కువ పంపేవారే ఎక్కువ శాతం నష్టపోతారు. ప్రపంచవ్యాప్తంగా 200 డాలర్లు పంపడానికి సగటున ఆరు శాతానికి పైగా ఖర్చవుతోంది. ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో దీన్ని 2030 నాటికి మూడు శాతం లోపుకు తేవాలని ఉంది. గల్ఫ్ నుంచి భారతదేశానికి పంపే దారి, పోటీ ఎక్కువ కావడం వల్ల, ప్రపంచ సగటుకంటే చవకైనదే. అయినా ఇద్దరు ముగ్గురు కలిసి వేర్వేరు కార్యాలయాల రేట్లు కనుక్కున్నాకే డబ్బు కట్టడం కువైట్ తెలుగువారిలో ఒక అలవాటుగా నిలిచిందంటే, ఒక్క రూపాయి తేడాకు వారు ఇచ్చే విలువ అర్థమవుతుంది.

చట్టబద్ధమైన దారి ఇంత సులభం కాక ముందు, డ్రాఫ్టు తపాలాలో వారాల తరబడి ప్రయాణించే రోజుల్లో, చాలా సొమ్ము హుండీ మీద నడిచింది. హవాలా అన్నా అదే. కువైట్‌లో ఒక వ్యాపారికి దినార్లు ఇస్తే, అతని మనిషి ఊళ్ళో రూపాయలు ఇంటికి తెచ్చి ఇస్తాడు. సరిహద్దు దాటేది మాట మాత్రమే. కుటుంబానికి డబ్బు ముడుతుంది గనుక వారికి నష్టం తెలియదు. దేశానికి మాత్రం దానివల్ల రావలసిన డాలరు రాకుండా పోతుంది. పైగా అటువైపు మిగిలిన దినార్లు తరచు దొంగ బంగారానికో, పన్ను ఎగవేతకో పెట్టుబడి అవుతాయి. 1999 నాటి విదేశీ మారక నిర్వహణ చట్టం ప్రకారం ఇది చట్టవిరుద్ధం, దొరికితే పంపినవారికీ తీసుకున్నవారికీ చిక్కే.

బంగారం సంగతి వచ్చింది గనుక ఒక చరిత్ర ఇక్కడ చెప్పుకోవాలి. ఈనాడు ప్రపంచంలో అత్యధిక విలువ గల కరెన్సీ దినారు. కాని 1961 వరకు కువైట్ బజారులో చెల్లింది భారత రూపాయి. ముత్యాలూ ఖర్జూరాలూ బొంబాయికి తెచ్చి, కలపా బియ్యమూ బట్టా పట్టుకుపోయిన కువైట్ ఓడల వ్యాపారానికి రూపాయే ఆధారం. 1946లో చమురు ఎగుమతి మొదలై చేతిలో రూపాయలు పెరిగాక, గల్ఫ్ నుంచి భారతదేశంలోకి దొంగ బంగారం పంపి, అమ్మిన రూపాయలను మళ్ళీ గల్ఫ్‌కు తీసుకుపోయి, అక్కడినుంచి భారత ప్రభుత్వం దగ్గర విదేశీ మారకంగా మార్చుకొనే వ్యాపారం ముదిరింది. దాన్ని అరికట్టడానికి 1959లో భారత ప్రభుత్వం గల్ఫ్‌లో మాత్రమే చెల్లే వేరే రంగు నోట్లను, గల్ఫ్ రూపాయిని, ప్రవేశపెట్టింది. 1961లో కువైట్ దాన్ని వదిలి సొంత దినారు తెచ్చుకున్నప్పుడు ఒక దినారుకు లెక్కగట్టిన విలువ పదమూడు రూపాయలూ, మరో రూపాయిలో మూడో వంతూ. ఆరు దశాబ్దాల్లో ఆ పదమూడు 270 దాటింది. ఒక కూలీ కువైట్ వెళ్ళడంలో లాభం ఎక్కడుందో ఈ ఒక్క అంకె చెబుతుంది: అక్కడి జీతం ఎంత చిన్నదైనా దాన్ని ఇక్కడి ధరల్లో ఖర్చు పెట్టగలగడమే వలసకు మూలబలం. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగి గల్ఫ్‌లో నిర్మాణాలు మొదలైనప్పుడు, వానలు నమ్ముకోలేని కడప జిల్లా పల్లెలకూ, సొంత భూమి లేని గోదావరి కూలీ కుటుంబాలకూ ఆ బలం కనిపించింది.

ఈ ప్రవాహం ఆగిపోతే ఏమవుతుందో 1990లో దేశమంతటికీ తెలిసింది. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించగానే దినారుకు విలువ లేకుండా పోయింది. ఏళ్ళ తరబడి పొదుపు చేసుకున్నవారి చేతిలో మార్చుకోవడానికి వీలులేని కాగితాలు మిగిలాయి. బాగ్దాద్ మీదుగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరినవారిని ఎయిరిండియా విమానాలు స్వదేశానికి తెచ్చాయి. అలా వచ్చినవారు సుమారు లక్షా డెబ్భై వేలమంది. ఊళ్ళకు మనుషులు తిరిగి వచ్చారు, డబ్బు రావడం నిలిచింది. అదే సమయంలో చమురు ధర పెరిగి దిగుమతుల బిల్లు బరువెక్కింది, ప్రవాసులు భారతీయ బ్యాంకుల్లో దాచుకున్న డిపాజిట్లు వెనక్కి తీసుకోసాగారు. దేశం బయటివారికి చెల్లించవలసినదానికీ, బయటినుంచి రావలసినదానికీ మధ్య లెక్కను చెల్లింపుల శేషం అంటారు. అప్పటికే లోటులో ఉన్న ఆ లెక్క కుప్పకూలింది. 1991 వేసవిలో విదేశీ మారక నిల్వలు కొద్ది వారాల దిగుమతులకు కూడా చాలని స్థితికి వచ్చి, రిజర్వ్ బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశాలకు తరలించి తాకట్టు పెట్టవలసి వచ్చింది. ఆ సంక్షోభానికి ద్రవ్యలోటు మొదలుకొని మరెన్నో కారణాలున్నాయి, గల్ఫ్ యుద్ధం ఒక్కటే కాదు. కాని మిర్కాబ్‌లో డబ్బు కట్టే మనిషికీ ఢిల్లీలో బంగారం తాకట్టు పెట్టే అధికారికీ మధ్య ఎంత దగ్గర సంబంధం ఉందో అంత స్పష్టంగా మరెప్పుడూ బయటపడలేదు.

ఆ అనుభవం తరవాత భయపడవలసింది ఎక్కువే ఉన్నా, రెమిటెన్సులకు ఇంకొక స్వభావం కూడా ఉందని తేలింది. స్టాక్ మార్కెట్లో పెట్టిన విదేశీ ధనం కష్టకాలంలో ముందుగా పారిపోతుంది, ఇంటికి పంపే సొమ్ము కష్టకాలంలో పెరుగుతుంది. ఊళ్ళో కరవు వచ్చినా, ఇంట్లో జబ్బు చేసినా ప్రవాసి తన తిండి తగ్గించుకొనైనా పంపుతాడు. రూపాయి విలువ పడిపోయినప్పుడు అదే దినారుకు ఎక్కువ రూపాయలు వస్తాయి గనుక దాచినదంతా పంపుతాడు. 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదలైన రోజుల్లో, ప్రపంచవ్యాప్తంగా రెమిటెన్సులు 20 శాతం పడిపోతాయని ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది. ఏడాది ముగిశాక చూస్తే తగ్గుదల చాలా స్వల్పం, భారతదేశానికి వచ్చినదానిలో దాదాపు తేడాయే లేదు. ఈ స్థిరత్వాన్ని ఆర్థికవేత్తలు మెచ్చుకుంటారు. దాని వెనక పని పోయి, గదిలో నలుగురితో కలిసి అరకొర తిండితో గడుపుతూ పంపిన దినార్లు కూడా ఉన్నాయని ఆ మెప్పులో వినబడదు.

ఊరికి చేరిన సొమ్ము ఏమవుతుందన్న ప్రశ్నకు రిజర్వ్ బ్యాంకు 2016-17 సర్వే ఒక జవాబు ఇచ్చింది: 59.2 శాతం కుటుంబ పోషణకు, 20 శాతం బ్యాంకు డిపాజిట్లకు, 8.3 శాతం భూములు, వాటాల వంటి పెట్టుబడులకు. ఈ అంకెలను చూపి ప్రవాసుల డబ్బు తిండికీ బట్టకూ వృథా అవుతోందని, దాన్ని ఉత్పాదక రంగాలకు మళ్ళించాలని ఉపన్యాసాలు వెలువడుతుంటాయి. ఈ ఆరోపణ నిలవదు. పిల్లవాడి తిండి, తల్లి మందులు, కూతురి కాలేజీ ఫీజు గణాంకాల్లో వినియోగం కింద రాసినా, అవి మనుషుల మీద పెట్టిన పెట్టుబడి. 1997లో ఆసియా ద్రవ్య సంక్షోభం వచ్చినప్పుడు ఫిలిప్పీన్స్ వలస కుటుంబాలను పరిశీలించిన ఆర్థికవేత్త డీన్ యాంగ్ ఒక సహజ ప్రయోగాన్ని గుర్తించాడు: తమ మనిషి ఏ దేశంలో ఉన్నాడన్నదాన్ని బట్టి కొన్ని కుటుంబాలకు మారకపు రేటు హఠాత్తుగా బాగా కలిసొచ్చింది, కొన్నింటికి అంతగా కలిసిరాలేదు. కలిసొచ్చిన ఇళ్ళలో పిల్లల చదువు పెరిగింది, పిల్లలు పనికి వెళ్ళడం తగ్గింది, సొంత చిన్న వ్యాపారాలకు ఇంటివారు వెచ్చించిన సమయం పెరిగింది. రిచర్డ్ ఆడమ్స్, జాన్ పేజ్ అనే పరిశోధకులు 71 అభివృద్ధి చెందుతున్న దేశాల సమాచారం పరిశీలించి, తలసరి రెమిటెన్సులు 10 శాతం పెరిగితే పేదరికంలో ఉన్నవారి వాటా సుమారు 3.5 శాతం తగ్గుతుందని 2005లో ప్రకటించారు. ఇంటిని పేదరికం నుంచి బయటపడేయడమే అభివృద్ధి కాకపోతే మరేది?

కుటుంబంలోంచి ఒకరు వలస వెళ్ళడాన్ని బీమాగా చూడాలని ఓడెడ్ స్టార్క్ వంటి ఆర్థికవేత్తలు 1980లలో వివరించారు. వాన మీద ఆధారపడిన ఇంటికి, వానతో సంబంధంలేని ఒక సంపాదన ఉంటే, ఇంటిలోని తక్కినవారు కాస్త ధైర్యంగా కొత్త పని మొదలు పెట్టగలరు. మామిడి, అరటి, బొప్పాయి తోటలకు పేరుపడిన కోడూరు ప్రాంతంలో ఈ వాదనకు అర్థం తేలిగ్గా దొరుకుతుంది. తోట కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది, బోరు వేస్తే నీరు పడుతుందన్న హామీ లేదు. ఒక బోరు ఎండిపోతే రెండోది వేయించగల శక్తి నెలనెలా కువైట్ నుంచి సొమ్ము వచ్చే ఇంటికి ఉంటుంది, వడ్డీకి తెచ్చిన రైతుకు ఉండదు. ఆ సొమ్ము బ్యాంకు పుస్తకంలో కుటుంబ పోషణ అనే కనిపించవచ్చు.

అయితే ఇంటికి మేలు చేసేది దేశానికి కూడా అంతే మేలు చేస్తుందని ఖాయంగా చెప్పలేము. అంతర్జాతీయ ద్రవ్యనిధికి చెందిన రాల్ఫ్ చామీ, అతని సహచరులు 2003లో వెలువరించిన పరిశోధనాపత్రం రెమిటెన్సులు ఎక్కువగా అందుకునే దేశాల్లో ఆర్థిక వృద్ధి పెరగకపోగా మందగించే ధోరణి ఉందని చెప్పింది. బయటినుంచి డబ్బు వస్తుందన్న భరోసాతో ఇంటివారు శ్రమ తగ్గిస్తారన్నది వారి వివరణ. ఆ వివరణ అన్ని చోట్లా సరిపోదు, తరవాతి పరిశోధనలు దాన్ని గట్టిగా ప్రశ్నించాయి. వృద్ధి లేని దేశాల నుంచే మనుషులు వలసపోతారు గనుక కారణమేది, ఫలితమేది అన్నది తేల్చడం కష్టం. అంతకంటే పట్టించుకోవలసిన ప్రమాదం రాజకీయమైనది. ప్రజలు తమ డబ్బుతోనే ప్రైవేటు బడి, ప్రైవేటు ఆసుపత్రి, ఇంటి ముందు బోరు సమకూర్చుకుంటుంటే ప్రభుత్వం తన బాధ్యత నుంచి మెల్లగా తప్పుకుంటుంది. వలస ఎక్కువగా ఉన్న ఊళ్ళలో స్థలాల ధరలు కువైట్ సంపాదన స్థాయికి పెరుగుతాయి. కువైట్‌లో ఎవరూ లేని కూలీ కుటుంబానికి నాలుగు సెంట్ల ఇంటి స్థలం అందకుండా పోతుంది, ఆ ఇంటి కుర్రవాడికి కూడా వీసా తప్ప వేరే దారి కనిపించదు. కేరళలో ఈ పరిణామాలన్నింటినీ తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ 1998 నుంచి విడతలవారీగా వలస సర్వేలు జరిపి నమోదు చేస్తూ వచ్చింది; తెలుగు రాష్ట్రాల్లో అంత క్రమంగా సాగే సర్వే ఏదీ లేకపోవడం వల్ల, ఏ మండలం నుంచి ఎంతమంది వెళ్ళారో, తిరిగి వచ్చినవారు ఏ స్థితిలో ఉన్నారో ఊహించి మాట్లాడవలసి వస్తోంది.

కువైట్ తెలుగు వలసకు ఉన్న ప్రత్యేకత అందులో ఆడవారి సంఖ్య. కోనసీమ, పశ్చిమ గోదావరి, కడప ప్రాంతాల నుంచి ఇంటి పనికి వెళ్ళే స్త్రీలను అక్కడ ఖద్దామాలు అంటారు. వీరు వెళ్ళేది గృహ కార్మికులకిచ్చే 20వ నంబరు వీసా మీద, కంపెనీ పనికి వెళ్ళేవారిది 18వ నంబరు. భర్త దుబాయిలో, భార్య ఇంట్లో అన్న పాత బొమ్మ ఇక్కడ తిరగబడుతుంది: పిల్లలను అమ్మమ్మ దగ్గరో, పెద్దమ్మ దగ్గరో వదిలి తల్లి వెళ్తుంది, ఆమె పంపిన డబ్బు ఆమె చేతులమీదుగా ఖర్చుకాదు. పంపిన సొమ్ము ఎవరి పేరు మీద జమ అవుతున్నదన్న చిన్న విషయం మీద ఆమె జీవితం మొత్తం ఆధారపడుతుంది. భర్త ఖాతాకో, అన్న ఖాతాకో ఏళ్ళ తరబడి పంపి, తిరిగి వచ్చేసరికి ఇల్లు వేరొకరి పేరున, బంగారం తాకట్టులో కనిపించిన స్త్రీల గోడు ఈ ప్రాంతాల్లో ఎవరికీ కొత్త కాదు. విదేశంలో ఉన్నవారు తమ పేరునే తెరవగల ఎన్ఆర్ఈ ఖాతా, అంటే విదేశీ సంపాదనను రూపాయల్లో దాచుకొని, వడ్డీ మీద ఆదాయపు పన్ను లేకుండా, కావాలంటే తిరిగి విదేశానికి పంపుకోగల ఖాతా, చదువుకున్న ఉద్యోగులకు బాగా తెలుసు. దాని అవసరం ఎక్కువున్న ఇంటి పనివారికి మాత్రం ఆ పేరు తెలియదు. ప్రయాణానికి ముందే ఆమె పేరున ఒక ఖాతా తెరిపించి, ఇంటి ఖర్చుకు ఇంత, తన ఖాతాకు ఇంత అని విడదీసి పంపడం నేర్పితే, ప్రవాస ధనాన్ని మళ్ళించడానికి వేసే పెద్ద పథకాలకంటే అది ఎక్కువ మేలు చేస్తుంది.

అంతకన్నా ముందు చూడవలసింది, ఆ దినారు సంపాదించడానికే ఎంత ఖర్చవుతున్నదన్నది. పేరుకు ఒక యజమాని, అంటే కఫీల్, కింద నమోదై వేరేచోట పని వెతుక్కునే ఆజాద్ వీసాకు ఏజెంట్లకు లక్షలు కట్టినవారికి మొదటి ఏడాది సంపాదన వడ్డీకే పోతుంది. అంతవరకు ఆ కుటుంబం రెమిటెన్సు అందుకుంటున్నట్టు లెక్కల్లో ఉన్నా, నిజానికి ఊరి వడ్డీ వ్యాపారి అందుకుంటున్నాడు. అఖామా, అంటే నివాస అనుమతి, గడువు తీరిపోతే చట్టవిరుద్ధంగా మిగిలిపోయి, 2018లోనూ 2024లోనూ కువైట్ ప్రకటించినట్టు క్షమాభిక్ష ప్రకటించినప్పుడే ఇంటికి వచ్చే వీలు కలుగుతుంది. జీతాల విషయంలో భారత ప్రభుత్వం కూడా ఒకసారి తన పౌరులకు అన్యాయం చేసింది. గల్ఫ్ దేశాల్లో భారతీయ కార్మికులకు ఇంతకంటే తక్కువ ఇవ్వరాదని తానే నిర్ణయించిన కనీస జీతాలను 2020 సెప్టెంబరులో 30 నుంచి 50 శాతం వరకు తగ్గించింది. తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడ్డాక, 2021 జులైలో పాత జీతాలను పునరుద్ధరించింది. రెమిటెన్సులు పెరగాలని కోరుకునే ప్రభుత్వం వాటికి ఊట అయిన జీతాన్ని తగ్గించడానికి ఒప్పుకోవడం సమర్థించడానికి వీలులేని పని.

2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు నివసించే భవనం మంటల్లో చిక్కుకొని 45 మంది భారతీయులు మరణించారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. అలాంటి కుటుంబానికి రెమిటెన్సు ఒక్కరోజులో ఆగిపోతుంది, అప్పు మిగులుతుంది. పదో తరగతి పూర్తికాక, వలస అనుమతి తీసుకొని వెళ్ళవలసిన కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా తప్పనిసరి. రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలే. విజిట్ వీసా మీద, అనుమతి లేకుండా వెళ్ళినవారికి అదీ ఉండదు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సహాయాన్ని తెలంగాణ 2024 నుంచి అమలుచేస్తోంది. ప్రాణం పోయినప్పటి సహాయం సరే, ముసలితనం సంగతి ఎవరు చూడాలి? ఇరవయ్యేళ్ళు దినార్లు పంపిన మనిషికి ఊళ్ళో పింఛను ఉండదు, కువైట్‌లో ఉండే అవకాశమే లేదు. కేరళ 2008లో చట్టం చేసి ప్రవాసుల సంక్షేమ బోర్డు పెట్టి, చందా కట్టినవారికి పింఛను ఏర్పాటు చేసింది. కేంద్రం 2012లో మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజన పేరుతో అలాంటిదే తెచ్చి, చేరినవారు తక్కువని 2017లో ఎత్తివేసింది. తక్కువమంది చేరితే తప్పు పథకం ప్రచారానిది, పంపే దారిది. ఎక్స్ఛేంజి కార్యాలయంలో డబ్బు కట్టేటప్పుడే ఐదు దినార్లు పింఛను ఖాతాకు మళ్ళించే వీలుంటే ఆ పథకం బతికేదేమో.

ఇంటి పనివారికి కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఒక హక్కు ఇచ్చింది: పనిచేసిన ప్రతి సంవత్సరానికీ ఒక నెల జీతం చొప్పున, ఒప్పందం ముగిసి వెళ్ళేనాడు యజమాని చెల్లించాలి. వారంలో ఒకరోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదన్న నిషేధం కూడా అందులోనే ఉన్నాయి. కనీస జీతం 60 దినార్లని 2016లో నిర్ణయించారు. ఆ జీతం మీద ఎనిమిదేళ్ళు పనిచేసిన స్త్రీకి వెళ్ళేనాడు 480 దినార్లు రావాలి, దినారుకు 270 చొప్పున 1,29,600 రూపాయలు. విమానం టిక్కెట్టు చేతిలో పెట్టి పంపేసే తొందరలో చాలామందికి ఈ మొత్తం సగమైనా అందదు, అడగాలని తెలియదు, తెలిసినా పాస్‌పోర్టు చేతికి వస్తే చాలన్న ఆత్రంలో అడగరు. 2021 జూన్‌లో రెండు ప్రభుత్వాలూ గృహ కార్మికుల మీద సంతకం చేసిన ఒప్పందం ఈ హక్కులకు చట్టపరమైన రక్షణ కల్పిస్తామని చెబుతుంది. ఆ ఒప్పందం ఎంత పనిచేస్తున్నదో తెలుసుకోవడానికి, మన అధికారులు తిరిగి వచ్చే ప్రతి గృహ కార్మికురాలినీ హైదరాబాదు, విజయవాడ, చెన్నై విమానాశ్రయాల్లో అడిగి రాసుకోవలసింది ఒక్కటే అంకె: చివరి లెక్క కింద ఎన్ని దినార్లు చేతికి వచ్చాయన్నది.